కొలను నీరు సున్నాన్ని తింటోందా, కక్కుతోందా: నీటి సంతులనాన్ని కొలిచి సరిదిద్దే పద్ధతి

ఈత కొలనులో నీటిమట్టం దగ్గర టైళ్ల మీద తెల్లటి చార కట్టి, గోటితో గీకితే పొడిపొడిగా రాలుతున్నదంటే ఆ నీరు తనలోని సున్నాన్ని కక్కుతున్నదని అర్థం. టైళ్ల మధ్య పూసిన గ్రౌట్ గరుకుబారి, అరికాలికి ఉప్పుకాగితంలా తగులుతూ, అక్కడక్కడ గుంటలు పడుతున్నదంటే ఆ నీరు సున్నాన్ని తింటున్నదని అర్థం. ఈ రెండు జబ్బులూ కంటికి కనబడే నాటికి నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. అంతకు ముందే పట్టుకోవాలంటే నీటిని కొలవాలి. అపార్ట్‌మెంట్ల సముదాయంలోని కొలనును స్వయంగా చూసుకునేవారు, లేదా కాంట్రాక్టరు చేత చేయిస్తూ పని సరిగ్గా జరుగుతున్నదో లేదో తెలుసుకోవాలనుకునేవారు ఈ కొలతను ఎలా తీయాలో, వచ్చిన అంకెతో ఏం చేయాలో కింద వివరిస్తున్నాను.

నేను ఈ పనిని తీరిక కోసం నేర్చుకోలేదు. మా సముదాయంలో మరమ్మతు కోసం కొలనును ఖాళీ చేసి, వానాకాలంలో పైకప్పు మీద పట్టిన వాన నీటితోనూ కొంత నల్లా నీటితోనూ తిరిగి నింపాం. ప్రతి ఉదయం పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకెను, చూసేవాళ్లం, 7.4 దగ్గరే ఉండేది. నీరు అద్దంలా మెరుస్తుండేది. రెండు నెలలు గడిచేసరికి మెట్ల అంచున గ్రౌట్ కరిగిపోయి ఒక టైలు అంచు పైకి లేచింది, ఒక పాప అరికాలు కోసుకుపోయింది. ఆ రోజు నీటిని పరీక్షశాలకు పంపితే లీటరుకు మిల్లీగ్రాముల లెక్కన కాల్షియం కఠినత్వం (నీటిలో కరిగిన కాల్షియం) 60, క్షారత (ఆమ్లాన్ని తట్టుకొని పీహెచ్‌ను నిలిపే శక్తి) 50 మాత్రమే ఉన్నట్లు తేలింది. పీహెచ్ ఒక్కటీ బాగున్నంత మాత్రాన నీరు బాగున్నట్లు కాదని అప్పుడు తెలిసింది. ఆ నీటి లెక్కనే కింద ఒక ఉదాహరణగా వాడుకుంటాను.

అసలు జరిగేదేమిటి

బడిలో సున్నపు తేటలోకి గొట్టంతో ఊదిన ప్రయోగం చాలామందికి గుర్తుండే ఉంటుంది. మొదట తేట పాలలా మారుతుంది, ఆపకుండా ఊదుతూ పోతే ఆ తెల్లదనం విరిగి మళ్లీ తేటబడుతుంది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు మొదట కాల్షియం కార్బొనేటును పుట్టించి, మోతాదు పెరిగాక దానినే బైకార్బొనేటుగా మార్చి నీటిలో కరిగిస్తుంది. బొర్రా గుహలలో, బెలుం గుహలలో సున్నపురాయిని నీరు తొలిచి ఖాళీలు చేసినదీ, అదే నీరు చుక్కచుక్కగా కారుతూ కార్బన్ డయాక్సైడును గాలికి వదిలేసి రాతి స్తంభాలను కట్టినదీ ఈ చర్య వల్లనే. కొలనులో ఇదే చర్య నెలల వ్యవధిలో జరుగుతుంది. పీహెచ్ తక్కువగా, కాల్షియం కొరతగా ఉన్న నీరు గ్రౌట్‌లోనూ సిమెంటు పూతలోనూ ఉన్న సున్నాన్ని లాక్కుంటుంది. పీహెచ్, క్షారత, కాల్షియం, వేడి హెచ్చుగా ఉన్న నీరు తన సున్నాన్ని టైళ్ల మీద, ఫిల్టరు ఇసుకలో, హీటరు గొట్టాలలో గారలా దించుతుంది. చక్కెర చన్నీటిలో కన్నా వేన్నీటిలో ఎక్కువ కరుగుతుంది; కాల్షియం కార్బొనేటు దానికి తిరుగు, వేడి పెరిగిన కొద్దీ తక్కువ కరుగుతుంది. గార ఎప్పుడూ హీటరులో ముందుగా కనబడడానికి కారణం ఇదే.

ఈ నాలుగింటితో పాటు నీటిలో కరిగిన మొత్తం పదార్థాల మోతాదునూ (టీడీఎస్) కలిపి ఒకే అంకెగా చెప్పే పద్ధతిని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విల్ఫ్రెడ్ లాంజెలియర్ 1936లో ప్రకటించాడు. ఆయన దృష్టి ఈత కొలనుల మీద లేదు. నగరానికి నీరు తెచ్చే ఇనుప గొట్టాల లోపలి గోడకు సున్నపు పొర పలచగా పట్టి తుప్పును ఆపాలి, అయితే గొట్టం పూడుకుపోకూడదు. అందుకు నీరు ఎలా ఉండాలన్నదే ఆయన ప్రశ్న. అదే లాంజెలియర్ సూచీని తరువాత కొలనుల నిర్వహణలోకి తెచ్చుకున్నారు. సూచీ సున్నా అయితే నీరు సంతులనంలో ఉన్నట్లు. రుణ సంఖ్య వస్తే తినే నీరు, ధన సంఖ్య వస్తే కక్కే నీరు. కొలనుకు −0.3 నుంచి +0.3 వరకు ఫరవాలేదు. నా మటుకు సున్నాకూ +0.3కూ మధ్య ఉంచడమే మేలనిపిస్తుంది, ఎందుకంటే కొద్దిపాటి గారను తుడిచి తీసేయవచ్చు గాని కరిగిపోయిన గ్రౌట్‌ను తిరిగి తేలేము.

మొదటి అడుగు: కొలనులో ఎంత నీరుందో తెలుసుకోండి

మందుల మోతాదులన్నీ నీటి పరిమాణం మీదే ఆధారపడతాయి కాబట్టి ఇక్కడ తప్పితే తరువాత ఏదీ కుదరదు. పొడవు, వెడల్పు, సగటు లోతులను మీటర్లలో కొలిచి గుణించండి. 14 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, ఒక చివర 0.9 మీటరు, రెండో చివర 1.5 మీటరు లోతు ఉండి అడుగు సమంగా వాలిన కొలనుకు సగటు లోతు 1.2 మీటరు, లబ్ధం సుమారు 100 ఘనమీటర్లు, అంటే లక్ష లీటర్లు. అంచు మీదుగా నీరు పొర్లే తరహా కొలను అయితే బ్యాలెన్సింగ్ ట్యాంకులోని నీటిని కూడా కలపాలి. కింది లెక్కలన్నీ ఈ లక్ష లీటర్ల కొలనుకే చెబుతున్నాను. మీ కొలను 60 వేల లీటర్లదైతే మోతాదును 0.6తో హెచ్చించుకోండి.

రెండో అడుగు: నమూనా తీయడం

పంపు కనీసం గంటసేపు తిరిగిన తరువాత, నీరు లోపలికి వచ్చే రంధ్రాలకు దూరంగా, మోచేయి మునిగేంత లోతు నుంచి నీరు తీయండి. మీద తేలే నీటిలో గాలి, దుమ్ము, ఒంటి నూనెలు కలిసి ఉంటాయి. సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, మూతిని కిందికి ఉంచి ముంచి, లోతులో తిప్పి, నిండుగా నింపి నీటి లోపలే మూత బిగించండి. సీసాలో గాలి మిగిలితే కార్బన్ డయాక్సైడు ఆ ఖాళీలోకి వెళ్లిపోయి పీహెచ్ అసలు కన్నా ఎక్కువ చూపుతుంది. ఉష్ణోగ్రతను మాత్రం కొలను దగ్గరే, అప్పుడే చూడాలి. ఏదైనా మందు వేసిన రోజు ఈ పరీక్ష చేయకండి. మరునాటి దాకా ఆగండి.

మూడో అడుగు: కొలతలు

పీహెచ్‌కు ఫినాల్ రెడ్ చుక్కల కిట్టు చాలు, అయితే క్లోరిన్ బాగా ఎక్కువగా ఉన్న రోజు ఆ రంగు ఊదాలోకి తిరిగి అబద్ధం చెబుతుంది. ఎలక్ట్రానిక్ మీటరు వాడేవారు దానిని పీహెచ్ 7, పీహెచ్ 10 అని ముందే తెలిసిన బఫరు ద్రావణాలతో సరిచేసుకున్నాకే నమ్మాలి. నెలల తరబడి సరిచేయని మీటరు చూపే రెండు దశాంశాల ఖచ్చితత్వం కంటే చుక్కల కిట్టు చూపే గులాబీ రంగే నిజానికి దగ్గరగా ఉంటుంది.

క్షారతను తెలుసుకోవడానికి 50 మిల్లీలీటర్ల నమూనాను కోనికల్ ఫ్లాస్కులోకి తీసుకొని, క్లోరిన్ రంగును పాడుచేయకుండా ఒక చుక్క సోడియం థయోసల్ఫేటు వేసి, బ్రోమోక్రెసాల్ గ్రీన్, మిథైల్ రెడ్ కలిపిన ఇండికేటరు రెండు మూడు చుక్కలు వేయండి. బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) నుంచి 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని వదులుతూ, ఆకుపచ్చ పోయి గులాబీ రంగు వచ్చిన చోట ఆపండి. ఖర్చయిన మిల్లీలీటర్లను 20తో గుణిస్తే కాల్షియం కార్బొనేటు లెక్కన పీపీఎంలలో క్షారత వస్తుంది. పీపీఎం అన్నా లీటరుకు మిల్లీగ్రాము అన్నా ఈ పనిలో ఒకటే.

ఎక్కువ మంది తప్పు చేసేది కాల్షియం కఠినత్వం దగ్గరే. పరీక్షా పట్టీలు చాలావాటి మీద కనబడేది మొత్తం కఠినత్వం. అందులో మెగ్నీషియం కూడా కలిసి ఉంటుంది. మనకు కావలసినది కాల్షియం ఒక్కటే. 50 మిల్లీలీటర్ల నమూనాకు 2 మిల్లీలీటర్ల ఒక నార్మల్ సోడియం హైడ్రాక్సైడు ద్రావణాన్ని కలిపితే మెగ్నీషియం పక్కకు తప్పుకుంటుంది. రంగు మారి చూపే మ్యూరెక్సైడ్ పొడిని చిటికెడు వేసి, కాల్షియంను పట్టుకునే ఈడీటీఏ 0.01 మోలార్ ద్రావణాన్ని బ్యూరెట్ నుంచి వదలండి. గులాబీ రంగులో ఉన్న నీరు చివరిదాకా మొండిగా అలాగే ఉండి, ఇక మారదేమో అనిపించే దశలో ఒకే ఒక్క చుక్కతో ఊదారంగుకు తిరుగుతుంది. ఆ చుక్కను తప్పిపోనీయకుండా ఫ్లాస్కు కింద తెల్ల కాగితం పరచి, చివరలో చుక్క చుక్కకూ మధ్య కాసేపు తిప్పుతూ ఆగండి. ఇక్కడ కూడా మిల్లీలీటర్లను 20తో గుణించాలి. పరీక్షశాల నివేదికలో కాల్షియం అని మాత్రమే ఉంటే ఆ అంకెను 2.5తో గుణిస్తే కాల్షియం కార్బొనేటు లెక్కలోకి వస్తుంది.

బ్యూరెట్ పెట్టుకోలేనివారు చుక్కల కిట్టు వాడవచ్చు. అందులో ఒక్కో చుక్క సాధారణంగా 10 పీపీఎంకు సమానం కాబట్టి చుక్క పరిమాణమే కొలబద్ద అవుతుంది. సీసాను నిట్టనిలువుగా పట్టుకోవాలి. వాల్చి పట్టుకుంటే చుక్క చిన్నదై లెక్క పెరుగుతుంది. మూతిని తడి గుడ్డతో తుడుస్తూ ఉండాలి.

టీడీఎస్ కలాన్ని చూసి నీటి కఠినత్వాన్ని అంచనా కట్టే అలవాటు మనలో బాగా పాతుకుపోయింది. ఆ కలం నీటిలో కరెంటు ఎంత తేలికగా పారుతున్నదో చూసి, దానిని ఒక గుణకంతో హెచ్చించి చూపుతుంది. ఆ కరెంటును మోసేది సున్నమా, తినే ఉప్పా అన్నది దానికి తెలియదు. 900 చూపే రెండు నీళ్లలో ఒకటి గార కట్టేది, మరొకటి గ్రౌట్‌ను తినేది కావచ్చు. ఈ సూచీలో టీడీఎస్ పాత్ర చాలా చిన్నది. అది 1000 లోపల ఉందా, పైన ఉందా అని చూస్తే చాలు.

సయనూరిక్ ఆమ్లం కూడా చూడాలి. ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా ఆపే ఈ పదార్థం టీసీసీఏ అనే క్లోరిన్ బిళ్లలతో పాటు నీటిలోకి చేరుతుంది. క్షారత పరీక్షలో ఇది కూడా ఆమ్లాన్ని తినేసి, లేని కార్బొనేటు ఉన్నట్లు చూపుతుంది. కాబట్టి సయనూరిక్ ఆమ్లపు విలువలో మూడో వంతును క్షారతలోంచి తీసేసి, మిగిలిన దానినే లెక్కకు వాడండి. కొలను బిళ్లల మీద నడుస్తున్నదంటే ఈ మెట్టును ఎప్పుడూ వదలకండి.

నాలుగో అడుగు: లెక్క

పీహెచ్‌ను ఉన్నదున్నట్లు తీసుకొని, దానికి ఉష్ణోగ్రత అంకెను, కాల్షియం అంకెను, క్షారత అంకెను కలిపి, మొత్తంలోంచి 12.1 తీసేయండి. టీడీఎస్ 1000 దాటితే 12.2 తీసేయండి. కింది అంకెలను కాగితం మీద రాసి పంపు గది గోడకు అంటించుకోవచ్చు.

ఉష్ణోగ్రతకు: 16 డిగ్రీలకు 0.4, 19కి 0.5, 24కి 0.6, 29కి 0.7, 34కి 0.8, 40కి 0.9.

కాల్షియం కఠినత్వానికి: 25కు 1.0, 50కి 1.3, 75కు 1.5, 100కు 1.6, 150కి 1.8, 200కు 1.9, 250కి 2.0, 300కు 2.1, 400కు 2.2, 600కు 2.4, 800కు 2.5.

సవరించిన క్షారతకు: 25కు 1.4, 50కి 1.7, 75కు 1.9, 100కు 2.0; 150కి 2.2, 200కు 2.3, 250కి 2.4, 300కు 2.5; 400కు 2.6.

మధ్యలో వచ్చే విలువలకు అటూ ఇటూ ఉన్న అంకెలను బట్టి మధ్య అంకెను అంచనా వేసుకోండి. ఈ అంకెలను ఒకసారి నిదానంగా గమనిస్తే ఒక సంగతి బయటపడుతుంది: కాల్షియం రెట్టింపయితే అంకె 0.3 మాత్రమే పెరుగుతుంది. అంటే పీహెచ్ 7.4 నుంచి 7.7కు పోవడమూ, కాల్షియం 200 నుంచి 400కు పోవడమూ ఈ లెక్కలో సమానం. సూచీని వెంటనే కదిలించేది పీహెచ్, దానిని నెలల తరబడి ఒక చోట నిలిపేవి క్షారత, కాల్షియం.

ఇప్పుడు మా కొలను నీటిని లెక్క కడదాం. పీహెచ్ 7.4, ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, కాల్షియం 60, క్షారత 50, సయనూరిక్ ఆమ్లం 30. క్షారతలోంచి 10 తీసేస్తే 40 మిగులుతుంది, దాని అంకె 1.6. ఉష్ణోగ్రతకు 0.7, కాల్షియంకు 1.4. మొత్తం 11.1, అందులోంచి 12.1 తీసేస్తే −1.0. ఆ నీరు గ్రౌట్‌ను రాత్రింబవళ్లు తింటూనే ఉందన్నమాట.

దీనికి పూర్తిగా ఎదురు నీరు వేసవిలో బోరు మీద ఆధారపడే కొలనులో కనబడుతుంది. పీహెచ్ 7.8, ఉష్ణోగ్రత 32 డిగ్రీలు, కాల్షియం 400, క్షారత 260, సయనూరిక్ ఆమ్లం 60, టీడీఎస్ 900 అనుకోండి. సవరించిన క్షారత 240, అంకె 2.4, ఉష్ణోగ్రతకు 0.8, కాల్షియంకు 2.2. మొత్తం 13.2, సూచీ +1.1. ఈ నీటిలో హీటరు పెడితే ఒక్క కాలంలోనే గొట్టాలు పూడుకుపోతాయి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 క్షారతకు 200ను కోరదగిన హద్దుగా, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతించదగిన హద్దుగా పెట్టింది. అంటే తాగడానికి అనుమతించే నీరే కొలనులో గార కట్టవచ్చు. నీరు తాగేందుకు బాగుందన్న ట్యాంకరు వారి మాట ఇక్కడ పనికిరాదు.

ఐదో అడుగు: సరిదిద్దడం

ముందు జాగ్రత్తలు. చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా ఆమ్లం డబ్బా మూత తీయకండి. నీటిలోకే ఆమ్లాన్ని పోయాలి, ఆమ్లంలోకి నీటిని ఎన్నడూ పోయకూడదు. ఆమ్లాన్నీ, క్లోరిన్ మందులనూ ఒకే గదిలో పక్కపక్కన పెట్టకండి, ఒకే మగ్గుతో కొలవకండి. రెండూ కలిస్తే వచ్చే క్లోరిన్ వాయువు మూసిన పంపు గదిలో మనిషి ప్రాణం తీయగలదు. పని చూసే కుర్రవాడికి ఈ మాటను చెప్పి ఊరుకోకుండా గోడ మీద తెలుగులోనూ, అతనికి చదవడం వచ్చిన మరో భాష ఉంటే ఆ భాషలోనూ రాసి పెట్టండి.

తినే నీటికి ముందు క్షారత పెంచాలి. లక్ష లీటర్లకు 10 పీపీఎం పెంచడానికి 1.68 కిలోల సోడియం బైకార్బొనేటు, అంటే మనం వంటసోడా అనే పదార్థమే, కావాలి. మా కొలనుకు 50 నుంచి 90కి తేవడానికి 6.7 కిలోలు పట్టింది. చాకలి సోడాను దీనికి బదులుగా వాడకండి. అది క్షారత కన్నా ముందు పీహెచ్‌ను పైకి ఎగదోస్తుంది. మరునాడు, నీరు బాగా కలిసిన తరువాత, కాల్షియం వేయాలి. 10 పీపీఎంకు కాల్షియం క్లోరైడు డైహైడ్రేటు రకం అయితే 1.47 కిలోలు, నీరు లేని రకం అయితే 1.11 కిలోలు. 60 నుంచి 250కి తేవడానికి డైహైడ్రేటు 28 కిలోలు పడుతుంది. ఇది నీటిలో కరిగేటప్పుడు వేడెక్కుతుంది, నీరు లేని రకమైతే బక్కెట్టు చేతికి చుర్రుమంటుంది. కాబట్టి ముప్పావు వంతు నీరున్న బక్కెట్టులోకి కొద్దికొద్దిగా మందు వేసి కలిపి, కొలనులో లోతు వైపు చుట్టూ తిరుగుతూ పోయండి. రెండు మూడు రోజులకు పంచుకోండి. సోడానూ కాల్షియంనూ ఒకే పూట వేస్తే రెండూ నీటిలోనే కలుసుకొని పాలలా విరిగి, వేసినదంతా ఫిల్టరులోకి చేరుతుంది. ఈ సవరణ తరువాత మా నీరు పీహెచ్ 7.5, ఉష్ణోగ్రత అంకె 0.7, కాల్షియం 2.0, సవరించిన క్షారత 80కి 1.9; సూచీ సరిగ్గా సున్నా.

కక్కే నీటిని దారికి తేవడానికి ఓపిక ఎక్కువ కావాలి. క్షారతను దించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లమే మందు. 32 శాతం ఆమ్లం అయితే లక్ష లీటర్లలో 10 పీపీఎం దించడానికి సుమారు 2 లీటర్లు పడుతుంది. 260 నుంచి 120కి తేవడానికి 28 లీటర్లు. ఇదంతా ఒక్కసారే పోస్తే పీహెచ్ పాతాళానికి పోయి లోహపు భాగాలను తినేస్తుంది. కాబట్టి ఈత లేని వేళ చూసుకొని, పంపు నడుస్తుండగా, లోతు వైపు 3 లీటర్లను బక్కెట్టు నీటిలో పలచన చేసి పోసి, నాలుగు గంటల తరువాత పీహెచ్ చూడండి. అది 7.2 దగ్గరికి వస్తుంది. ఇక నీటిని గాలికి తగలనివ్వాలి: నీరు వచ్చే రంధ్రాల ముక్కులను పైకి తిప్పి ఉపరితలాన్ని కలవరపెట్టండి, ఫౌంటెన్ ఉంటే నడపండి. ఆమ్లం క్షారతనూ పీహెచ్‌నూ రెండింటినీ దించుతుంది. గాలి మాత్రం కార్బన్ డయాక్సైడును తీసుకుపోయి, క్షారతను ముట్టకుండా పీహెచ్ ఒక్కదానినే మళ్లీ పైకి తెస్తుంది. పీహెచ్ 7.6కు చేరాక మరో 3 లీటర్లు. ఇలా పది రోజులు పట్టవచ్చు. చివరలో పీహెచ్ 7.4, సవరించిన క్షారత 100 దగ్గర నిలిస్తే సూచీ +0.3కు వస్తుంది, కాల్షియంను ముట్టుకోకుండానే.

కాల్షియంను దించే మందు లేదు. కొంత నీటిని తీసేసి మృదువైన నీరు నింపడమే మార్గం. 400 ఉన్న కొలనును 100 ఉన్న నల్లా నీటితో 300కు తేవాలంటే మూడో వంతు నీటిని మార్చాలి. భూగర్భజలం పైకి ఉబికే చోట, ముఖ్యంగా వానాకాలంలో, కొలనును పూర్తిగా ఖాళీ చేయకండి. కింది ఒత్తిడికి అడుగు పైకి లేచే ప్రమాదం ఉంది.

వాడే క్లోరిన్ కూడా సంతులనాన్ని జరుపుతుంది

టీసీసీఏ బిళ్లలు పీహెచ్‌నూ క్షారతనూ కిందికి లాగుతాయి. వాటి ద్వారా 10 పీపీఎం క్లోరిన్ వేస్తే 6 పీపీఎం సయనూరిక్ ఆమ్లం చేరుతుంది. కాల్షియం హైపోక్లోరైటు అనే మరో క్లోరిన్ మందు ద్వారా అంతే క్లోరిన్ వేస్తే సుమారు 7 పీపీఎం కాల్షియం చేరుతుంది. బోరు నీటి కొలనుకు రెండోది, వాన నీటి కొలనుకు మొదటిది తగవు. ఈ చిన్న ఎంపికే ఏడాది పొడవునా సగం శ్రమను తగ్గిస్తుంది. ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే యంత్రం ఉన్నవారు సూచీని సున్నాకు కొద్దిగా కింద, −0.2 దాకా ఉంచుకోవాలి, ఎందుకంటే ఆ యంత్రపు పలకల దగ్గర పీహెచ్ కొలనులో కన్నా బాగా హెచ్చుగా ఉండి గార ముందు అక్కడే పడుతుంది.

ఈ సూచీ కాల్షియం కార్బొనేటు గురించి మాత్రమే చెబుతుందని మరువకండి. సూచీ సున్నా ఉన్నా నీటిలో క్లోరైడ్లు ఎక్కువైతే స్టీలు నిచ్చెన మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. వాటిని నీటి సంతులనంతో పోగొట్టలేరు, మంచినీటితో కడిగి తుడవాలి.

ఆరో అడుగు: రిజిస్టరు

పీహెచ్, క్లోరిన్ రోజూ, క్షారత వారానికోసారి, కాల్షియం, సయనూరిక్ ఆమ్లం, టీడీఎస్ నెలకోసారి, సూచీ ప్రతి వారం. తేదీ, అంకెలు, వేసిన మందు, నింపిన నీరు ఎక్కడిది అన్నవి ఒకే గీత మీద రాయండి. నింపిన నీరు ఎక్కడిదో రాయకపోతే మిగతా గీతకు అర్థం ఉండదు. వేసవిలో మన 84 చదరపు మీటర్ల కొలను నుంచి రోజుకు అర సెంటీమీటరు నీరు ఆవిరవుతుందనుకుంటే 420 లీటర్లు. తొంభై రోజులకు 37,800 లీటర్లు. ఆవిరి సున్నాన్ని వెంట తీసుకుపోదు. ఆ లోటును 300 కఠినత్వం ఉన్న బోరు నీటితో భర్తీ చేస్తే కొలనులో కాల్షియం సుమారు 110 పీపీఎం పెరుగుతుంది. వానాకాలంలో కొలను పొంగి పొర్లే ప్రతిసారీ దీనికి తిరుగు జరుగుతుంది. అందుకే మార్చి నుంచి జూన్ వరకు కాల్షియంను పదిహేను రోజులకోసారి, కుండపోత వాన కురిసిన మర్నాడు తప్పనిసరిగా, కొలవాలి.

ఇదే లెక్కను ఇంట్లో గీజరుకు కూడా వాడవచ్చు. 30 డిగ్రీల సంపు నీరు 60 డిగ్రీలకు కాగితే ఉష్ణోగ్రత ఒక్కదాని వల్లనే సూచీ సుమారు 0.5 పెరుగుతుంది, 50 డిగ్రీల దగ్గర ఆపితే ఆ పెరుగుదల 0.4 లోపలే ఉంటుంది. సంపులో +0.4 ఉన్న బోరు నీరు గీజరులో +0.9 అవుతుంది కాబట్టి, అటువంటి ఇళ్లలో థర్మోస్టాట్‌ను తగ్గించి, ఏడాదికోసారి లోపలి గారను తీయించాలి.

కొలనుకు కొత్తగా గ్రౌట్ వేయించినప్పుడు తయారీదారు చెప్పినన్ని రోజులు పూర్తిగా ఆరనివ్వండి. ఏ నీటితో నింపబోతున్నారో ఆ నీటిని ముందే పరీక్షించి, కావలసిన సోడా, కాల్షియం తెచ్చి సిద్ధంగా ఉంచుకోండి. నింపిన సాయంత్రమే మొదటి కొలత తీసి, ముందు సోడా, మర్నాటి నుంచి కాల్షియం వేయడం మొదలుపెట్టండి, ఎందుకంటే కొత్త గ్రౌట్‌లోని సున్నం ఇంకా గట్టిపడుతూ ఉంటుంది, ఆకలిగొన్న నీరు దానిని మొదటి వారాలలోనే అన్నిటికన్నా వేగంగా తింటుంది. ఆ వారాలలో కొత్త సిమెంటు సున్నాన్ని వదలడం వల్ల పీహెచ్ తనంతట తానే పైకి పాకుతూ ఉంటుంది. నెల రోజుల పాటు రోజూ చూసి, 7.8 దాటిన రోజున కొద్దికొద్దిగా ఆమ్లం వేస్తూ దించండి.